నాణెం మీది దేవుళ్ళు: దోహా బజారు నుంచి కోటిలింగాల దాకా

మన పత్రికకి ఏదైనా యాత్రావ్యాసం రాయమని సంపాదకులు రెండు నెలలుగా అడుగుతున్నారు. స్విట్జర్లండు వెళ్ళొచ్చినవాళ్ళు, టర్కీ వెళ్ళొచ్చినవాళ్ళు మన సంఘంలో చాలామందే ఉన్నారు. నేను మాత్రం ఈ ఏడాది సెలవుల్లో ఇంటికి తప్ప ఎక్కడికీ పోలేదు. అంచేత శుక్రవారం సాయంత్రాలు నేను తిరిగే చోటు గురించే రాస్తాను. అది మీ అందరికీ తెలిసిన సూక్ వాకిఫే. కుంకుమపువ్వు, ఖర్జూరం, పెంపుడు పిట్టలు, అత్తర్లు, వీటన్నిటినీ దాటుకుని లోపలి సందుల్లోకి పోతే పాత సామాన్ల కొట్లు ఉంటాయి. ఇత్తడి కాఫీ కూజాలు, తుప్పుపట్టిన బాకులు, వాటి మధ్య గాజుమూత పెట్టెల్లో పాత నోట్లు, నాణేలు. మనవాళ్ళు సాధారణంగా అటు చూడకుండానే బంగారం బజారు వైపు తిరుగుతారు. ఈసారి ఒక్క పావుగంట అక్కడ ఆగండి.

నన్ను అటు పంపింది మా అమ్మాయి. మూడో తరగతి. బడిలో నాణేల మీద ఏదో పని ఇచ్చారు. ఇంట్లో ఉన్న ఖతర్ నాణేలన్నీ బల్ల మీద పోసుకుని చూస్తూ, "అన్నిటి మీదా పడవే ఉందేమిటమ్మా? మన దేవుడున్న డబ్బు ఎక్కడా లేదా?" అని అడిగింది. పిల్లల ప్రశ్నలకి వెంటనే జవాబు చెప్పకపోతే వాళ్ళు రెండో ప్రశ్న వేస్తారు. దీనికి మాత్రం సగం జవాబే నాకు తెలుసు. మిగతా సగం వెతుక్కుంటూ పోగా ఈ వ్యాసం తయారయింది.

ముందు ఆ పడవ సంగతి. 1973లో ఖతర్ రియాల్ వచ్చినప్పటి నుంచి ఇక్కడి దిర్హమ్ నాణేల మీద తెరచాప ఓడ, ఖర్జూరపు చెట్లు ఉన్నాయి. చమురుకి ముందు ఈ తీరం బతికింది ఆ ఓడల మీదే. వేసవిలో ముత్యాలకి మునిగేవారు. ఆ ముత్యాలు బొంబాయి చేరేవి. మనం "బస్రా ముత్యాలు" అని ముచ్చటపడి చెప్పుకునేవి ఈ సముద్రంలోవే. 1930 ప్రాంతాల్లో జపానువాళ్ళ పెంపకపు ముత్యాలు వచ్చి ఆ వ్యాపారాన్ని పడగొట్టాయి. ఖతర్ చమురు మొదటిసారి ఓడకెక్కింది 1949లో.

పడవకి ముందు ఇక్కడి నాణెం మీద జింక ఉండేది. 1966లో ఖతర్, దుబాయి కలిసి ఒకే రియాల్ వేసుకున్నాయి. వాటి మీద ఎడారి జింక బొమ్మ. మరి దానికీ ముందు? మన రూపాయే! ఈ తీరంలో చెల్లింది బొంబాయి నుంచి వచ్చిన రూపాయి, అణా. ఈ రూపాయలతో బంగారం కొని దొంగతనంగా ఇండియాకి చేరవేయడం ఎక్కువైపోయి, విదేశీ నిల్వలు కరిగిపోతున్నాయని 1959లో మన ప్రభుత్వం గల్ఫ్ దేశాలకి వేరే నోట్లు అచ్చు వేయించింది. రంగు వేరు, నంబరుకి ముందు జడ్ అనే అక్షరం. వీటినే గల్ఫ్ రూపాయలంటారు. 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గించేసరికి, ఇంక ఈ రూపాయితో మనకెందుకని వీళ్ళు సొంత డబ్బు వేసుకున్నారు. ఇప్పటికీ బహ్రెయిన్‌లో పెద్దవాళ్ళు 100 ఫిల్సులని "రూబియా" అంటారు.

సూక్ వాకిఫ్ కొట్లో నాకు ఒక గల్ఫ్ పది రూపాయల నోటు చూపించారు. ఎర్రరంగు. వెనక తెరచాప ఓడ, మన భాషల వరుసలో తెలుగు అక్షరాలు. ఇంకో పెట్టెలో వంకీల అంచున్న అణా ఉంది. 1907 నుంచి వచ్చిన ఆ అణాల మీద ఇంగ్లీషుతో పాటు నాలుగు లిపులు ఉండేవి: ఉర్దూ, నాగరి, బెంగాలీ, తెలుగు. "ఒక అణా" అని గుండ్రటి తెలుగులో! ముత్యాల పడవల మీద కూలి లెక్కపెట్టుకున్న అరబ్బు చేతుల్లో మన లిపి తిరిగిందన్నమాట. చదవగలిగినవాడు ఆ పడవలో ఒక్కడూ ఉండి ఉండడు. మా అమ్మాయికి ఆ అణా బాగా నచ్చింది. "అక్షరాలున్నాయి సరే, దేవుడేడీ?" అంది.

దేవుడి కోసం ఇంకా వెనక్కి పోవాలి. 1970లో డేనిష్ పురావస్తు శాఖవారు బహ్రెయిన్ కోట తవ్వకాల్లో ఒక కుండ బయటికి తీశారు. లోపల దాదాపు 300 వెండి నాణేలు. చూడగానే అలెగ్జాండరు నాణేల్లా ఉంటాయి. ఒక పక్క సింహచర్మం కప్పుకున్న హెరాక్లీస్ తల, రెండో పక్క సింహాసనం మీద కూర్చుని చేతిమీద గద్దని పెట్టుకున్న జూస్ దేవుడు. కాని ఎక్కువ భాగం గ్రీకువాళ్ళు కొట్టినవి కావు, తూర్పు అరేబియావాళ్ళు చూసి కొట్టుకున్నవి. అలెగ్జాండరు డబ్బుకి సంతల్లో ఉన్న పరపతి చూసి, అదే అచ్చు పట్టుకున్నారు. పట్టుకుని, మెల్లగా దేవుడిని మార్చుకున్నారు. కొన్ని నాణేల మీద ఆ కూర్చున్నాయన పక్కన దక్షిణ అరేబియా లిపిలో "షమ్స్" అని ఉంటుంది. షమ్స్ అంటే సూర్యుడు. మీ ఆఫీసులో అరబ్బు మిత్రులు ఎండ మండిపోతోందని చెప్పేటప్పుడు రోజూ వాడే మాటే. ఇంకా తరవాతి కాలంలో, షార్జాలో మ్లీహా, ఉమ్ అల్ ఖువైన్‌లో అద్దూర్ అనే చోట్ల దొరికిన నాణేల మీద దేవుడి చేతిలో గద్ద పోయి గుర్రం వచ్చింది. ఎడారివాడికి గుర్రం మీద ఉన్న ప్రేమ గద్ద మీద లేదు కాబోలు. అద్దూర్‌లో బెల్జియం పురావస్తు శాస్త్రజ్ఞులు తవ్విన చిన్న గుడి కూడా ఆ సూర్యుడిదే. ఆయన పేరు ఒక రాతి తొట్టి మీద చెక్కి ఉంది.

ఇది గల్ఫ్ సంగతి. ఇక్కడికి పడమట, రోమన్ సామ్రాజ్యపు తూర్పు రాష్ట్రాల్లో ఈ పని పెద్ద ఎత్తున జరిగింది. రోమ్‌లో వేసే బంగారు, వెండి నాణేలు దేశమంతటికీ ఒకటే. చిల్లర డబ్బు మాత్రం ఎక్కడికక్కడ ఊళ్ళే వేసుకునేవి. అలా వేసుకున్న ఊళ్ళు 500 పైమాటే. ఒక పక్క చక్రవర్తి తల, రెండో పక్క ఊరి ఇష్టం. ఇష్టమంటే మరేముంది, ఊరి దేవుడు, ఊరి గుడి, ఊరి తిరనాళ్ళు. ఎఫెసస్ ఊరివాళ్ళు తమ ఆర్టెమిస్ అమ్మవారిని వేసుకున్నారు. లెబనాన్ తీరంలో సైడాన్ అనే ఊరు ఉంది. వాళ్ళ నాణెం మీద రెండు చక్రాల రథం, రథంలో చిన్న మందిరం, మందిరంలో అస్టార్టె దేవత గుర్తుగా ఒక రాయి. బొమ్మ చూపించి, ఇది ఏ ఊరి రథోత్సవమమ్మా అని మా అత్తగారిని అడిగాను. "మన వైపుదే కదూ?" అన్నారావిడ.

సిరియాలోని బోస్రా ఊరిది ఇంకో గమ్మత్తు. అక్కడి దేవుడు దుషారా. పెట్రా నగరం కట్టిన నబాతీ అరబ్బుల కులదైవం. ఆయనకి మొహం, కాళ్ళు, చేతులు లేవు. ఉత్త రాయి. రోమన్లు క్రీ.శ. 106లో ఆ రాజ్యాన్ని కలిపేసుకున్నారు, దేవుడిని మాత్రం ఉండనిచ్చారు. బోస్రా నాణేల మీద అరుగు, దాని మీద ఆ రాళ్ళు కనిపిస్తాయి. డెసియస్ చక్రవర్తి కాలంలో, అంటే 250 ప్రాంతంలో వేసిన నాణెం మీద ద్రాక్షపళ్ళు పిండే గానుగ, చుట్టూ "ఆక్టియా దుసారియా" అనే పండగ పేరు ఉన్నాయి. ఆక్టియా రోమన్ల ఆటల పండగ, దుసారియా ఊరి దేవుడి పండగ. రెండూ కలిపి ఒకేసారి చేసుకున్నారు, కలిపినట్టు నాణెం మీద చాటుకున్నారు. ఎమెసా, ఇప్పటి హోమ్స్, అక్కడ నల్లరాయి దేవుడి పూజారిగా ఉన్న కుర్రవాడే 218లో రోమన్ చక్రవర్తి అయి కూర్చున్నాడు. ఎలగాబలస్ అంటారు. ఆ రాతిని రోమ్ దాకా తీసుకుపోయాడు. నాలుగు గుర్రాల రథంలో రాయిని ఊరేగించే బొమ్మతో నాణేలు వేయించాడు. నాలుగేళ్ళకే ఆయన్ని చంపేశారు, రాయిని ఊరికి తిరిగి పంపేశారు. మూడో శతాబ్దం చివరికి ఊళ్ళ టంకశాలలన్నీ మూతపడ్డాయి.

ఇప్పుడు మా అమ్మాయి ప్రశ్నకి జవాబు. మన దేవుడున్న డబ్బు ఉందా? బోలెడు! విజయనగరం తొలిరాజుల నాణేల మీద హనుమంతుడు, గరుత్మంతుడు ఉన్నారు. తరవాత ఉమామహేశ్వరులు, లక్ష్మీనారాయణులు వచ్చారు. కృష్ణదేవరాయలు బాలకృష్ణుడిని వేయించాడు. చంద్రగిరి నుంచి ఏలిన వేంకటపతిరాయలు తిరుమల స్వామిని నిలువెత్తున తోరణం కింద నిలబెట్టి, వెనక వైపు శ్రీ వేంకటేశ్వరాయ నమః అని నాగరిలో రాయించాడు. ఈ బంగారు నాణెం పేరే వరహా. చాళుక్యుల వరాహ చిహ్నం నుంచి వచ్చిన మాట అది. వేంగి చాళుక్యుల వరాహం గుర్తున్న బంగారు నాణేలు బర్మా తీరంలో చెదూబా దీవిలో దొరికాయి. వాటిలో నన్నయ గారికి ఆశ్రయమిచ్చిన రాజరాజనరేంద్రుడివి కూడా ఉన్నాయి. సముద్రం దాటిపోయినవాళ్ళలో మనం మొదటివాళ్ళం కాదు.

నన్ను ఆశ్చర్యపరిచింది రాజులు కాదు, ఆ తరవాత వచ్చినవాళ్ళు. హైదరలీ మైసూరు ఏలినప్పుడు ఉమామహేశ్వరుల వరహాని అలాగే ఉంచి, రెండో పక్క తన పేరులోని మొదటి అక్షరం మాత్రం అరబ్బీలో వేయించుకున్నాడు. అంతకు ఆరు వందల ఏళ్ళ ముందు మహమ్మద్ ఘోరీ ఉత్తరదేశంలో లక్ష్మీదేవి బొమ్మతో, నాగరిలో తన పేరుతో బంగారు నాణెం కొట్టించాడు. ఇంగ్లీషు కుంపినీవాళ్ళు మద్రాసులో వేంకటేశ్వరస్వామిని, ఇద్దరు అమ్మవార్లని కలిపి "మూడు స్వాముల వరహా" కొట్టారు. 1808 ప్రాంతంలో మద్రాసు టంకశాలలో యంత్రాలతో వేసిన వెండి అరవరహా చూడాలి. ఒక పక్క గాలిగోపురం, చుట్టూ నక్షత్రాలు. రెండో పక్క చుక్కల వలయంలో విష్ణుమూర్తి, చుట్టూ తమిళం, తెలుగు అక్షరాలు. దాని మీద చక్రవర్తి తల లేదు, కంపెనీ దొర తలా లేదు.

వీళ్ళంతా మన దేవుడికి భక్తులై ఈ పని చేశారా? కాదు. డబ్బుకి కావలసింది నమ్మకం. సంతకొచ్చిన రైతు తెలియని బొమ్మని కొరికి చూస్తాడు, తెలిసిన బొమ్మని కళ్ళకద్దుకుని మొలలో దోపుకుంటాడు. పరాయి ప్రభుత్వం తన నాణెం చెలామణీ కావాలంటే, ఊరికి ముందే ఉన్న నమ్మకాన్ని అరువు తెచ్చుకోవాలి. అలెగ్జాండరు బొమ్మని అరబ్బులు అరువు తెచ్చుకున్నదీ, దుషారా రాతిని రోమన్లు ఉండనిచ్చినదీ, గోపురాన్ని కుంపినీవాళ్ళు వేసుకున్నదీ అందుకే. తమ పరపతి తమకి చాలుననుకున్నాక ఆ అవసరం తీరిపోయింది. 1818లో మద్రాసు లెక్కలు వరహా వదిలి రూపాయిలోకి మారాయి. 1835లో దేశమంతటికీ ఒకటే రూపాయి వచ్చింది. దాని మీద విలియం రాజు తల. దేవుళ్ళు డబ్బు మీద నుంచి దిగిపోయారు.

దిగి ఎక్కడికి పోయారు? ఈ ప్రశ్నకి జవాబు నాకు పుస్తకాల్లో కాక ఎక్స్‌రే గది గుమ్మంలో దొరికింది. ఆమధ్య దగ్గుతో వచ్చిన ఒక కుర్రవాడిని ఛాతీ ఎక్స్‌రేకి పంపాను. మెళ్ళో ఉన్నది తీయమంటే ఒప్పుకోవడం లేదని లోపలి నుంచి కబురొచ్చింది. వెళ్ళి చూస్తే నల్లదారానికి చిన్న రాగి బిళ్ళ.

"తమ్ముడూ, అదుంటే ఊపిరితిత్తి కనపడదు. ఐదు నిమిషాలు తీసెయ్" అన్నాను.

తెలుగు వినేసరికి వాడి మొహం విప్పారింది. "తీస్తే ఎట్ల మేడం? మా అవ్వ కట్టింది. కొండగట్టు అంజన్న బిళ్ళ. ఇంటికి పోయిందాంక తియ్యద్దన్నది."

"ఏ ఊరు మీది?"

"ధర్మపురి దిక్కు మేడం. గోదారి ఒడ్డు."

"నా కోటు జేబులో పెట్టుకుంటాను. ఫోటో అవగానే నేనే నీ చేతికిస్తాను. సరేనా?"

సరేనన్నాడు. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి, మామూలు జలుబు. బిళ్ళ తిరిగి కట్టుకుంటుంటే, ఊరి మాట వచ్చింది కదా అని కోటిలింగాల ఎప్పుడైనా చూశావా అని అడిగాను. "మాకు దగ్గరనే మేడం. కోటేశ్వరుని గుడి ఉంటది. వానలు పడ్డంక మట్టిల పాత పైసలు తేలుతుండె అని మా తాత చెప్తుండె" అన్నాడు.

వాళ్ళ తాత చెప్పింది నిజమే. ఇప్పటి జగిత్యాల జిల్లాలో ఉన్న ఆ గోదావరి గట్టు ఊళ్ళో దొరికిన నాణేలు మన చరిత్రనే మార్చాయి. శాతవాహనులకంటే ముందు ఏలిన గోబద, నారన, కంవాయసిరి, సమగోప అనే పేర్లు వాటి మీదే బయటపడ్డాయి. శాతవాహనుల మూలపురుషుడు సిముకుడి నాణేలు కూడా అక్కడే దొరికాయి. పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారు వాటిని పరిశీలించి లోకానికి చెప్పారు. ఏ రాజశాసనమూ చెప్పని రాజుల్ని ఆ వానలో తేలిన చిల్లరపైసలు చెప్పాయి.

ఆ కుర్రవాడు మెళ్ళో కట్టుకున్నదీ కొత్త అలవాటేమీ కాదు. రోమన్ బంగారు నాణేలు మన దేశానికి ఓడల్లో వచ్చిన రోజుల్లో మనవాళ్ళు వాటికి చిల్లులు పొడిచి, కొక్కేలు తగిలించి మెళ్ళో వేసుకున్నారు. నాగార్జునకొండలో అలాంటివి దొరికాయి. బంగారానికి తాహతు లేనివాళ్ళు మట్టితో ముద్ర తీసుకున్నారు. సంగారెడ్డి దగ్గర కొండాపూర్‌లో టిబేరియస్ చక్రవర్తి నాణేన్ని అచ్చొత్తిన మట్టి బిళ్ళలు బయటపడ్డాయి. చెలామణీలో లేని నాణెం మన దగ్గర నగ అవుతుంది, లేదా దేవుడి గూట్లోకి చేరుతుంది. సీతారామ పట్టాభిషేకం బొమ్మ ఉన్న రామటంకాలు అలాంటివే. బజారులో ఏమీ కొనలేవు, అయినా ఎవరూ అమ్ముకోరు. రామదాసుని చెరనుంచి విడిపించడానికి సాక్షాత్తూ రాముడే వచ్చి తానీషాకి రామమాడలు లెక్కపెట్టి ఇచ్చాడని మనం చెప్పుకోవడం లేదూ? బాకీ తీర్చే దేవుణ్ణి ఊహించుకున్న జాతి మనది.

ఇంక అసలు విషయం. మన ఆడవాళ్ళ కాసులపేర్లు. కాసు అంటేనే నాణెం కదా. ఇప్పుడు వాటి మీద ఉండేది లక్ష్మీదేవి. పాతకాలపు పేర్లలో మాత్రం సవరన్లు, వరహాలు, ఏది దొరికితే అది గుచ్చేవారు. పోయిన సెలవుల్లో మా అమ్మ తన పెట్టె తీసి, అమ్మమ్మ కాసులపేరు నా చేతిలో పెట్టింది. "పిల్లకి తీసుకుపో. ఇక్కడ పెట్టుకునేవాళ్ళెవరున్నారు? అక్కడ మార్చి కొత్త ఫ్యాషనుది చేయించు" అంది. దోహా బంగారం బజారులో పాతది ఇచ్చి కొత్తది పుచ్చుకోవడం మనందరికీ అలవాటే. భూతద్దం పెట్టి చూస్తే మధ్యలో చొక్కా గుండీ అంత కాసు ఒకటి తేడాగా ఉంది. మందంగా, అంచు ఎగుడుదిగుడుగా. మీద ముగ్గురు నిలబడి ఉన్నారు. మూడు స్వాముల వరహా!

ఆ రాత్రి మా ఇంట్లో పెద్ద చర్చే నడిచింది. మా అన్నయ్య అమ్మేద్దామన్నాడు. అమ్మ తీసుకుపొమ్మంటుంది. చట్టం ఇంకో మాట చెబుతోంది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన నాణెం పురావస్తువే. దాన్ని మనబోటివాళ్ళు దేశం దాటించడానికి వీల్లేదు, అది సొంత అమ్మమ్మదైనా సరే. అమ్మకి అర్థమయ్యేలా చెప్పడానికి గంట పట్టింది. "నా తల్లి నగ నా మనవరాలి మెళ్ళో పడడానికి గవర్నమెంటుకేం బాధ?" అంది. ఆ ప్రశ్నకి నా దగ్గర మంచి జవాబు లేదు. చివరికి నగ అమ్మ పెట్టెలోనే ఉండిపోయింది. కరిగించడానికి వీల్లేదని మాత్రం అందరం ఒప్పుకున్నాం. నేను రెండు పక్కలా ఫోటోలు తీసుకుని, పక్కన కొలబద్ద పెట్టి, తూకం రాసుకుని వచ్చాను.

ఆ ఫోటో చూసి మా అమ్మాయి అడిగింది, "ఇది మనదేనా, కాదా?" అని. మనదే, కాని ఇక్కడికి రాదు, నువ్వే అక్కడికి వెళ్ళి చూడాలి అని చెప్పాను. ముఖం చిన్నబుచ్చుకుంది. మనలో ఎవరికి తెలియదు ఆ బాధ? పొలం, ఇల్లు, తల్లీతండ్రీ, మనవే అయినా వెంట రానివి మనందరికీ ఎన్నో ఉన్నాయి. వెంట వచ్చేది ఆ కుర్రవాడి మెళ్ళో బిళ్ళలాంటిది ఏదో ఒకటి.

పాఠకులకి నా మనవి రెండు ముక్కలు. ఈ సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు పెద్దవాళ్ళ పెట్టెల్లో కాసులపేర్లు, దేవుడి గూట్లో టంకాలు ఉంటే కంసాలి దగ్గరికి పంపేముందు ఒక్కసారి వెలుతురులో పెట్టి చూడండి. పాతదని అనుమానం వస్తే కరిగించకండి, సామాన్లలో సర్దుకుని విమానం ఎక్కించకండి. భూమిలో దొరికినదైతే కలెక్టరుకి చెప్పాలని 1878 నుంచీ చట్టం ఉంది. ఫోటో తీసి, ఎవరిచ్చారో, ఏ ఊరిదో, ఎవరి పెళ్ళికి చేయించారో వెనక రాసి పెట్టుకోండి. ఆ కథ తెలిసిన అమ్మమ్మలు ఇంకా ఉన్న ఇళ్ళు అదృష్టవంతులవి. రెండో మనవి, పిల్లల్ని ఒక శుక్రవారం సూక్ వాకిఫ్‌కి తీసుకుపోయి ఆ వంకీల అణా చూపించండి. తెలుగు చదవడం రాదని మారాం చేసే పిల్లలు కూడా "ఒక అణా" కూడబలుక్కుని చదువుతారు. మావాళ్ళు చదివారు.